ముందు బరువు, చివర గైరో

నేల మీద నిలబడి రేడియోతో నడిపే చిన్న జెట్ విమానాలను, అంటే మోడల్ జెట్లను, ఎగరేసేవారిలో ఒక నమ్మకం బాగా స్థిరపడిపోయింది. పెట్టె విప్పి, రెక్కలు బిగించి, రేడియో సంకేతాలు అందుకునే రిసీవర్ కలిపి, విమానం ఒరగడాన్ని పసిగట్టి తనంతట తానే సరిచేసే గైరో అనే చిన్న పరికరాన్ని ఆన్ చేస్తే మిగతా సంగతి అదే చూసుకుంటుందట. నిజమే, చూసుకుంటుంది. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. విమానం ముక్కు బరువుగా ఉన్నా, విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలక, అంటే ఐలెరాన్, వంకరగా బిగించినా, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక ఎలివేటర్‌ను కదిపే లింకులో వదులు ఉన్నా గైరో ఆ లోపాలను తీర్చదు, మన కంటికి కనబడకుండా చేస్తుంది. మన సంఘంలో ప్రోగ్రాములు రాసి బతికేవారికి కొదవ లేదు. ఎర్రర్ సందేశాన్ని ఆపేయడానికీ, ఎర్రర్‌ను సరిచేయడానికీ ఉన్న తేడా వారికి నేను చెప్పనవసరం లేదు. విచిత్రమేమిటంటే, ఆఫీసులో ఆ తేడా గురించి గొంతు చించుకునేవారే మైదానంలోకి రాగానే దాన్ని మరచిపోతారు.

ఈ వ్యాపకం తెలియనివారి కోసం కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను. మోడల్ జెట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి డక్టెడ్ ఫ్యాన్‌తో ఎగిరేది: గొట్టంలో ఇమిడిన పంకాను విద్యుత్ మోటారు తిప్పుతుంది, లిథియం పాలిమర్ బ్యాటరీ శక్తినిస్తుంది. 70, 80, 90 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్యాన్లు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. రెండోది అసలైన టర్బైన్. కంప్రెసర్, దహన గది, టర్బైన్ చక్రం అన్నీ ఉన్న చిన్న జెట్ ఇంజన్ అది, కిరోసిన్‌తో నడుస్తుంది. ఊరకే తిరుగుతున్నప్పుడే నిమిషానికి 30 వేల చుట్లు దాటుతుంది. చిన్న ఇంజన్లయితే పూర్తి థ్రాటిల్‌లో లక్షన్నర పైకి పోతాయి.

టర్బోజెట్ ఇంజన్‌తో రేడియో మోడల్ మొదటిసారి ఎగిరింది 1983లో, బ్రిటన్‌లో. ఆ తరవాత జర్మనీకి చెందిన కర్ట్ ష్రెక్లింగ్ అనే ఆయన ప్లైవుడ్‌తో కంప్రెసర్ చక్రం చేసి, దాని చుట్టూ కార్బన్ ఫైబర్ చుట్టి, ఇంటి వర్క్‌షాపులో కూడా టర్బైన్ తయారు చేయవచ్చని చూపించాడు. చెక్కతో జెట్ ఇంజన్! ఇప్పటికీ తలచుకుంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఆ తరం ఇంజన్లను చేతులతో, చెవులతో స్టార్ట్ చేసేవారు. బయటి నుంచి గాలి కొట్టాలి, గ్యాస్ వెలిగించాలి, శబ్దం విని ఇంధనం పెంచాలి. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ మీద ఒక స్విచ్చి కదిపితే చాలు. ఇంజన్ కంప్యూటర్ స్టార్టర్ తిప్పి, మంట వెలిగించి, ఉష్ణోగ్రత గమనిస్తూ ఇంజన్‌ను దారిలో పెడుతుంది.

ఆ మార్పు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. యంత్రం మన పని చేసిపెట్టడం తప్పని నేనెప్పుడూ అనను. ఇంజన్ కంప్యూటర్ తనకు తెలిసింది దాచదు. ఎగ్జాస్ట్ వేడి హద్దు దాటితే ఇంజన్ ఆపేసి, ఎందుకు ఆపిందో రాసిపెడుతుంది. చుట్లెన్ని, వేడి ఎంత అన్నది తెర మీద చూసుకోవచ్చు. గైరో స్వభావం వేరు. విమానం ఎడమకు ఒరుగుతుంటే చడీచప్పుడూ లేకుండా కుడి ఐలెరాన్ లేపి సరిచేస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషికి విమానం నిటారుగా పోతున్నట్టే కనిపిస్తుంది. ఎంత లేపిందో, ఎంతసేపటి నుంచి లేపి ఉంచిందో మనకు తెలిసే మార్గం లేదు.

అసలు పని గురుత్వ కేంద్రం దగ్గర మొదలవుతుంది. జెట్ కొన్నప్పుడు వచ్చే పుస్తకంలో ఒక అంకె ఉంటుంది: రెక్క ముందంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు అని. చాలామంది ఆ అంకెను శిలాశాసనంలా చూస్తారు. అది ఆరంభం కోసం ఇచ్చిన అంకె, కాస్త భయంతో ముందుకు జరిపి ఇచ్చింది. ముక్కు బరువైన విమానం బాగా ఎగరకపోయినా ఇంటికి వస్తుంది కాబట్టి తయారీదారులు ఆ వైపే మొగ్గుతారు. పైగా మనం వేసే బ్యాటరీ వేరు, పలకలను కదిపే చిన్న మోటార్లయిన సర్వోలు వేరు. లెక్క వేసి చూడండి: మూడు కిలోల జెట్‌లో 600 గ్రాముల బ్యాటరీని 20 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే విమానం గురుత్వ కేంద్రం నాలుగు మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా ఎలివేటర్ మీద వేలు పెట్టగానే తెలుస్తుంది. టర్బైన్ జెట్‌లోనైతే ప్రధాన ట్యాంకు ఖాళీగా ఉంచి, ఇంజన్ ముందుండే చిన్న ట్యాంకు నింపి తూచాలి. దిగే సమయానికి ఉండే స్థితి అదే. చక్రాలు మడిచినప్పుడు ముక్కు చక్రం వెనక్కి పోతుందా, ముందుకు పోతుందా అన్నది కూడా చూసుకోవాలి.

తరవాతి మాట గాలిలోనే తేలుతుంది. గైరో ఆపి, మూడింట రెండు వంతుల థ్రాటిల్‌లో స్టిక్ ముట్టుకోకుండానే విమానం సమంగా పోయేలా సర్దండి, అంటే ట్రిమ్ చేయండి. ఆ తరవాత 45 డిగ్రీల వాలులో పైకి ఎక్కిస్తూ తలకిందులు చేసి, ఎలివేటర్ వదిలేయండి. విమానం గబుక్కున నేల వైపు వంగితే ముక్కు బరువు ఎక్కువన్నమాట. తనంతట తాను ఆకాశం వైపు తిరిగితే తోక బరువు, వెంటనే దించి బ్యాటరీ ముందుకు జరపాలి. నెమ్మదిగా, కాస్త అయిష్టంగా నేల వైపు వాలితే జెట్‌కు సరిపోయినట్టే. ఇదే పరీక్షను గైరోను ముక్కు ఉన్నచోటే నిలబెట్టే హోల్డ్ మోడ్‌లో ఉంచి చేస్తే ప్రతి విమానమూ గీత గీసినట్టు పోతుంది. పరీక్ష పెట్టామన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు.

ముక్కు బరువుకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. ముక్కు బరువైన విమానాన్ని సమంగా నిలపాలంటే ఎలివేటర్‌ను పైకి ట్రిమ్ చేసి ఉంచాలి. వేగం పెరిగితే ఆ పైకెత్తిన ఎలివేటర్‌కు బలం పెరిగి విమానం పైకి లేస్తుంది, వేగం తగ్గితే ముక్కు వాలుతుంది. ఒక వేగానికి చేసిన ట్రిమ్ మరో వేగానికి పనికిరాదు. దిగేటప్పుడు మరీ ఘోరం: చివరి క్షణంలో ముక్కు లేపుదామని స్టిక్ పూర్తిగా లాగినా ఎలివేటర్‌లో ఇంకా ఇవ్వడానికి ఏమీ ఉండదు. ముందు చక్రం నేలకు కొట్టుకుంటుంది, విమానం ఎగిరి మళ్ళీ పడుతుంది, ముందు చక్రం కాడ ఊడివస్తుంది. అప్పుడు అందరూ చక్రాన్ని తిడతారు, రన్‌వే గడ్డిని తిడతారు. బ్యాటరీ పెట్టిన చోటును ఎవరూ తిట్టరు.

ఇప్పుడు గైరో ఏం చూస్తుందో, ఏం చూడదో గమనించాలి. విమానం ఏ అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో అది కొలుస్తుంది. గాలిలో విమానం వేగమెంతో దానికి తెలియదు. రెక్క గాలిని ఏ కోణంలో కోస్తోందో తెలియదు. రేట్ మోడ్‌లో ఉన్నప్పుడు అది కుదుపులను మాత్రమే అణచుతుంది, ఆ మేరకు మంచిదే. హోల్డ్ మోడ్‌లో పెట్టారనుకోండి, ముక్కు ఎక్కడుందో అక్కడే నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. దిగడానికి వస్తూ థ్రాటిల్ తగ్గించాం, వేగం పడిపోతోంది. మామూలుగా ముక్కు కిందికి వాలి మనల్ని హెచ్చరించాలి. గైరో ఆ వాలడాన్ని తప్పుగా భావించి ఎలివేటర్ కొద్దికొద్దిగా పైకెత్తుతుంది. మన స్టిక్ మధ్యలోనే ఉంది, విమానం ఒద్దికగా కనిపిస్తోంది, రెక్క మాత్రం స్టాల్ అంచుకు, అంటే విమానాన్ని ఎత్తి ఉంచే బలం కోల్పోయే స్థితి అంచుకు, చేరింది. వెనక్కి వాలిన రెక్కలున్న జెట్ స్టాల్ అయితే రెక్క చివర ముందు లొంగుతుంది. విమానం ఒక పక్కకు తిరగబడి పడిపోతుంది, సరిచేసేంత ఎత్తు అక్కడ ఉండదు. చూసినవారు రేడియో సంకేతం పోయిందంటారు.

దీనికి జెట్ స్వభావం కూడా తోడవుతుంది. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తెరవగానే పంకా గాలి తోక మీదుగా వీస్తుంది. వేగం లేకపోయినా ఎలివేటర్‌కు వెంటనే పట్టు వస్తుంది. జెట్‌లో గాలంతా గొట్టంలోంచి వెనక్కి పోతుంది, తోక రెక్కలకు అందేది విమానం వేగంతో వచ్చే గాలి ఒక్కటే. టర్బైన్‌కు మరో జాప్యం ఉంది: ఊరకే తిరిగే స్థితి నుంచి పూర్తి బలానికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు దిగేటప్పుడు రెక్క వెనకంచున కిందికి వంచే పలకలను, అంటే ఫ్లాపులను, పూర్తిగా దించి, ఆ గాలి నిరోధానికి ఎదురుగా ఇంజన్‌ను కొంచెం ఎక్కువ చుట్లలోనే ఉంచి దిగుతారు. ఫ్లాపులు దించినప్పుడు ముక్కు ఎటు కదులుతుందో, దానికి ఎలివేటర్ ఎంత కలపాలో ఎత్తులో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. అదీ గైరో ఆపే.

గైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకెను గెయిన్ అంటారు. దాని గురించి జరిగే వాదనలు వింటే నాకు ఓపిక నశిస్తుంది. 50 పెట్టమంటారొకరు, 70 అంటారు మరొకరు. ఒకరి విమానం అంకె మరొకరి విమానానికి ఎలా పనికివస్తుంది? రెక్క మీద గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్లతో దిగే జెట్ 240తో తల మీదుగా పోతే వేగం నాలుగింతలు, ఐలెరాన్‌కు బలం పదహారింతలు. దిగేటప్పుడు హాయిగా అనిపించిన గెయిన్ ఆ వేగంలో విమానాన్ని గడగడలాడిస్తుంది. గైరో సరిదిద్దుతుంది, అది ఎక్కువవుతుంది, మళ్ళీ వెనక్కి సరిదిద్దుతుంది. కొన్ని ఖరీదైన గైరోలు జీపీఎస్ చూసి వేగానికి తగ్గట్టు గెయిన్ తగ్గిస్తాయి. కానీ జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం, గాలి వేగం కాదు. గెయిన్‌ను మీరు ఎగరేసే గరిష్ఠ వేగంలో, ఒక్కో అక్షానికి విడిగా, కొంచెం కొంచెంగా పెంచి వణుకు మొదలైన చోటి నుంచి బాగా వెనక్కి తేవాలి. లింకుల్లో వదులుంటే ఆ పని ముట్టుకోకండి. సర్వో చేతికీ ఎలివేటర్‌కూ మధ్య ఆట ఉంటే ఎక్కువ వేగంలో ఫ్లట్టర్, అంటే పలక అదుపు తప్పి టపటపా కొట్టుకోవడం, వస్తుంది, ఫ్లట్టర్ వచ్చిన తోక చాలాసార్లు విమానంతో పాటు ఇంటికి రాదు. 2017లో జర్మనీలో ఒక మోడల్ జెట్ గంటకు 749 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు పెట్టింది. ఆ రికార్డు గురించి ఉత్సాహంగా మాట్లాడేవారి జెట్ పక్కన నిలబడి ఎలివేటర్‌ను వేలితో కదిపి చూడటం నాకు అలవాటు. కొందరికి నచ్చదు.

నా మాటకు ఎదురు మాట ఒకటి బలంగా వినిపిస్తుంది. ఎఫ్-16, తేజస్ లాంటి యుద్ధ విమానాలను కావాలనే అస్థిరంగా రూపొందించారు, కంప్యూటర్ లేకపోతే అవి ఎగరలేవు, మరి మన బొమ్మ విమానానికి ఈ నిష్ఠ ఎందుకని. మంచి ప్రశ్నే. ఆ కంప్యూటర్లకు గాలి వేగం తెలుసు, రెక్క గాలిని కోసే కోణం తెలుసు. పైలట్ ఎంత లాగినా హద్దు దాటనివ్వవు. ఒకటి తప్పుచేస్తే పట్టుకోవడానికి ఒకే పనికి నాలుగు సమాంతర మార్గాలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, విమానం స్వభావం ఏమిటో ఇంజనీర్లు కొలిచి, తెలుసుకుని, ఆ తరవాతే కంప్యూటర్‌కు అప్పగించారు. మనం తెలుసుకోకుండానే అప్పగిస్తున్నాం, అదీ బొటనవేలంత డబ్బాకు.

కొత్తవారి సంగతి వేరని ఒప్పుకుంటాను. గైరో వచ్చాక మొదటి రోజే విమానం ముక్కలు చేసుకుని ఇంటిదారి పట్టేవారు తగ్గారు. అడ్డగాలిలో దిగేటప్పుడు రేట్ మోడ్ గైరో నాకూ ఇష్టమే, నా జెట్లన్నిటిలోనూ ఉంది. నేనడుగుతున్నది వరస మార్చమని. గురుత్వ కేంద్రం, లింకులు, ట్రిమ్, ఫ్లాపులకు ఎలివేటర్ కలిపే మిక్సింగ్ అన్నీ అయ్యాక గైరో రావాలి. కొత్తవారి జెట్‌ను మొదటిసారి ఎగరేసిపెట్టే పెద్దలే దీన్ని మొదలుపెట్టగలరు. గైరోకు మూడు స్థానాల స్విచ్చి ఇవ్వాలి, అందులో ఒకటి పూర్తిగా ఆఫ్ కావాలి. మొదటి ప్రయాణం ఆఫ్‌లోనే జరగాలి. ట్రిమ్ కుదిరాక లింకులను ఆ మేరకు సరిచేసి, ఎలివేటర్, ఐలెరాన్ ఎన్ని మిల్లీమీటర్లు కదులుతున్నాయో కొలిచి, కాగితం మీద రాసి యజమాని చేతికి ఇవ్వాలి. గైరోకు గెయిన్ పెట్టడం ఆ తరవాతి ప్రయాణం పని. చాలాచోట్ల ఇప్పుడు ఆ స్విచ్చే ఉండటం లేదు, గైరో ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా బిగించి అమ్ముతున్నారు.

పాత జెట్ కొనేవారికైతే ఇది మరీ అవసరం. బేరం కుదుర్చుకునే ముందు గైరో ఆపి ఒక్క చుట్టు తిప్పి, దింపి చూపించమని అడగండి. ఈరోజు గాలి ఎక్కువగా ఉందని అమ్మేవారు అంటే, గాలి తగ్గిన రోజు వస్తామని చెప్పి డబ్బు జేబులోనే ఉంచుకోండి.