మినిమం కడితే వడ్డీ పడదా?

గాజువాక నుంచి మధురవాడ దాకా విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. క్రెడిట్ కార్డు బిల్లులో ‘మినిమం డ్యూ’, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన చిన్న మొత్తం, కడితే వడ్డీ పడదట. యాభై రోజులు డబ్బు ఊరికే వాడుకోవచ్చట, ఏటీఎంలో తీసుకున్నా అంతేనట. మోసగాళ్లు లాగేసిన సొమ్ము మాత్రం ఎప్పటికీ తిరిగి రాదట. కార్డు వద్దనుకుంటే కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుందట. చివర ‘పది మందికి పంపండి’ అని కూడా ఉంది. దయచేసి పంపకండి.

వీటిలో మొదటి మాటను నమ్మితే తగిలే దెబ్బ పెద్దది. ద్వారకానగర్‌లో జూన్ 10న 40,000 రూపాయల ఫ్రిజ్ కొన్నారనుకోండి. జులై 5న బిల్లు వచ్చింది, గడువు 25. ఆలోగా మొత్తం కట్టేస్తే పైసా వడ్డీ లేదు. కానీ సందేశం నమ్మి 25న మినిమం 2,000 కట్టి ఊరుకున్నారు. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 అనుకుందాం. చాలా కార్డుల రేటు ఇంచుమించు ఇదే. ఈ వడ్డీని గడువు దాటిన రోజు నుంచి కాదు, ఫ్రిజ్ కొన్న రోజు నుంచే లెక్కకడతారు. 40,000 మీద 45 రోజులకు 2,071 రూపాయలు. మిగిలిన 38,000 మీద ఆగస్టు 5 బిల్లు దాకా 11 రోజులకు 481. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 459. మొత్తం 3,011. రెండు వేలు కట్టాక కూడా బాకీ 41,011 అయింది!

అంతటితో అయిపోలేదు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు పోతుంది. కేజీహెచ్ ఎదుట కొన్న మందులకు కూడా కొన్ననాటి నుంచే వడ్డీ. మినిమం కట్టడం వల్ల మేలు లేదని మాత్రం అనను. ఆలస్య రుసుము తప్పుతుంది, ఎగవేతదారుగా పేరు పడదు. చేతిలో డబ్బు ఆడని నెలలో అది చిన్న విషయమేమీ కాదు. ఇంత వడ్డీని చట్టం ఒప్పుకోదని వాదించేవారికి ఒక మాట: ఏడాదికి 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చిన మాట నిజమే, కానీ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఏటీఎం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా రుసుము. యాభై రోజుల మాట కొనుగోళ్లకే, అదీ బిల్లు మొత్తం కట్టేస్తేనే.

మోసం గురించి చెప్పినది మరీ అన్యాయం, ఎందుకంటే అది నమ్మినవాడు ఫిర్యాదే చేయడు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా సొమ్ము పోతే, ఆ సమాచారం అందాక మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే మీ నష్టం సున్నా. బ్యాంకు తప్పే అయితే మీరు చెప్పినా చెప్పకున్నా సున్నాయే. తప్పు మీదని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకుదే. ఓటీపీ మీరే చెప్పారా? అప్పుడు ఫిర్యాదు చేసేదాకా పోయినది మీరే భరించాలి. ఆ తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. అందుకే ముందు కార్డు బ్లాక్ చేయించి, బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక కత్తెర. దానితో తెగేది ప్లాస్టిక్కే, ఖాతా కాదు. వార్షిక రుసుము ఉన్న కార్డయితే అది పడుతూనే ఉంటుంది. బాకీ తీర్చి, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి. మీరు అడగని కార్డు అంటగట్టి రుసుము వేస్తే, దాన్ని వెనక్కి ఇచ్చి, అంతకు రెట్టింపు జరిమానా కూడా చెల్లించాలి.