డీఎల్‌ఓపెన్‌కు ఆధార్ అక్కర్లేదు

సిమ్ కార్డు కావాలంటే ఆధార్. తిరుమల దర్శనానికి ఆధార్. ఆర్కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామి చూడ్డానికి ఆధార్ అడగరు గానీ, టికెట్ చూపించందే మెట్లెక్కనివ్వరు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఏడేళ్లుగా నా మొహం రోజూ చూస్తున్నాడు. అయినా హెల్మెట్ తీసేదాకా గేటు తియ్యడు. మనిషిని మనిషి నమ్మని ఇలాంటి రోజుల్లో, ఎవరు ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా నమ్మేసే వ్యవస్థ ఒకటి ఇంకా బతికే ఉంది. దాన్ని కళాభారతిలో కూర్చోబెట్టి శాలువా కప్పాలని సంబంధిత అధికారులను కోరడానికే ఈ వ్యాసం.

ఆ వ్యవస్థ పేరు డీఎల్‌ఓపెన్.

పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. పైథాన్ లాంటి స్క్రిప్టు భాషలో రాసిన ప్రోగ్రాం నడుస్తూ ఉండగానే, ఎవరో ఎప్పుడో సి భాషలో రాసి కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి పెట్టిన లైబ్రరీని, అంటే ఫంక్షన్ల మూటని, తనలోకి తెచ్చుకోగలదు. లినక్స్‌లో అలాంటి ఫైలు పేరు చివర డాట్ ఎస్ఓ అని ఉంటుంది, విండోస్‌లో డాట్ డీఎల్ఎల్. లినక్స్‌లో డీఎల్‌ఓపెన్ ఆ ఫైలుని మెమరీలోకి ఎక్కిస్తుంది. దాని తమ్ముడు డీఎల్‌సిమ్, ఫంక్షన్ పేరు చెబితే అదెక్కడుందో అడ్రసు తెచ్చి చేతిలో పెడతాడు. అడ్రసు ఒక్కటే సుమా. ఆ ఫంక్షన్‌కి ఏమివ్వాలి, ఎన్నివ్వాలి, అది తిరిగి మనకేమిస్తుంది అనే సంగతులు మామూలుగా ఆ ఫైల్లో ఉండవు. కంపైల్ చేసిన రోజే ఊడ్చి పారేశారు. అవన్నీ మనం చెప్పాలి. మనం ఏది చెబితే అదే నిజం.

ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. గాజువాక ఆటోనగర్ వైపు మా మావయ్యకి కాటా ఉంది. లారీలు ఎక్కే కాటా. "రుషికొండ మీద కంప్యూటర్ల ఉద్యోగం చేస్తన్నావు కదరా, ఈ కాటాని మన కంప్యూటర్‌కి కలిపియ్యి. స్లిప్పు దానంతటదే రావాలి" అన్నాడు. మావయ్య మాట కాదంటే అమ్మతో టెన్షన్. సరేనన్నాను.

కాటా అమ్మినవాళ్లు పెన్ డ్రైవ్‌లో లైబ్రరీ ఇచ్చారు. ఏ ఫంక్షన్‌కి ఏమివ్వాలో, అది ఏమిస్తుందో రాసి ఉండే హెడర్ ఫైలు ఏదండీ అంటే, "మాన్యువల్ ఉంది సార్" అన్నారు. మాన్యువల్ పంపండి అంటే, స్పైరల్ బైండింగ్ పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సి భాషలో ఒక ఫంక్షన్ ఏమిస్తుందో చెప్పే మాట అన్నిటికంటే ముందు, లైనుకి ఎడమ చివర ఉంటుంది. ఫొటోలో ఆ ఎడమ చివర కాస్తా స్పైరల్ చిల్లుల్లో కలిసిపోయింది. ఫంక్షన్ పేరు మాత్రం అద్దంలా కనిపిస్తోంది.

మొదట విండోస్‌లో ప్రయత్నించాను. ఫైలు కళ్లెదురుగా ఉన్నా, "ఈ మాడ్యూల్ దొరకలేదు, లేదా ఇది ఆధారపడ్డ వాటిలో ఏదో ఒకటి దొరకలేదు" అంది. ఏది దొరకలేదో చెప్పదు. జతపరచిన పత్రాలు సరిగా లేవని ఫైలు వెనక్కి పంపే గుమస్తా ఎవరో ఈ వాక్యం రాసి ఉంటాడని నా గట్టి నమ్మకం. పైథాన్ 3.8 నుంచి అక్కడ డీఎల్ఎల్‌లను వెతికే దారులు కూడా మార్చారు. నాకంత ఓపిక లేక, పెన్ డ్రైవ్‌లో లినక్స్ ఫైలు కూడా ఉంది కదా అని అటు మళ్లాను.

పైథాన్‌లోంచి సి లైబ్రరీలతో మాట్లాడటానికి సీటైప్స్ అని ఒకటుంది. మన తరఫున డీఎల్‌ఓపెన్‌ని పిలిచేది అదే. 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచీ పైథాన్‌తో పాటే ఇస్తున్నారు. లైబ్రరీ తెరవడానికి ఒక లైను, ఫంక్షన్ని పిలవడానికి ఒక లైను. పావుగంటలో అయిపోయింది. ఎర్రర్ రాలేదు. మావయ్య సంతోషించి అత్తయ్యని కాఫీ పెట్టమన్నాడు.

ఇనప తుక్కు లోడుతో పన్నెండు టైర్ల లారీ ఒకటొచ్చి కాటా ఎక్కింది. స్క్రీన్ మీద 8 అని పడింది. టన్నులు కాదు, కిలోలు. "సెట్టింగులవుతున్నాయి మావయ్యా" అన్నాను. సాయంత్రం అదే లారీ లోడు దింపుకుని ఖాళీగా వచ్చి ఎక్కింది. మళ్లీ 8. నిండు లారీలోంచి ఖాళీ లారీ తీసేసి, తుక్కు బరువు సున్నా కిలోలని స్లిప్పు ప్రింటయ్యింది, తేదీ, టైము, లారీ నంబరుతో సహా. డ్రైవర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే గురూ, శ్రీకాకుళం నుంచి ఇక్కడిదాకా నేను గాలి మోసుకొచ్చానేటి?" అన్నాడు. ఈలోగా ఎవరిదో మేకపిల్ల ఒకటి కాటా మీదికెక్కింది. దానికీ 8. నిజం చెప్పాలంటే, ఆ రోజు మొత్తం మీద ఇంచుమించు సరైన బరువు వచ్చింది ఆ మేకపిల్లకే.

అసలు జరిగింది ఇది. ఆ ఫంక్షన్ బరువుని డబుల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా ఇస్తోంది. మన మామూలు పీసీల్లో ఉండే 64 బిట్ లినక్స్‌లో, ఫంక్షన్ దశాంశ సంఖ్యని ఇవ్వాలంటే ఒక రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్‌లోని చిన్న అరలో పెడుతుంది, పూర్ణాంకమైతే వేరే రిజిస్టర్‌లో. రెండు చేతులనుకోండి. సి పాపం కుడిచేత్తో 31 టన్నులు ఎత్తి పట్టుకుని నిలబడింది. ఏమిస్తుందో మనం చెప్పకపోతే, ఇచ్చేది పూర్ణాంకమే అనుకోవాలని సీటైప్స్ రూలు. అందుకని పైథాన్ వెళ్లి ఎడమచేతిలోకి చూసింది. అక్కడ అంతకుముందు చేసిన పని తాలూకు అంకె ఏదో మిగిలి ఉంది. కాటా నుంచి చదివిన బైట్ల లెక్క అయ్యుంటుందని నా అనుమానం. అదే బరువనుకుని తెచ్చి ఇచ్చింది. ఇందులో అబద్ధమాడినవారు లేరు, తప్పు జరిగిందని అరిచినవారూ లేరు.

ఇంకో తమాషా. రకం చెప్పకుండా మనం దశాంశ సంఖ్యని లోపలికి పంపబోతే మాత్రం సీటైప్స్ ఒప్పుకోదు, దీన్నెలా మార్చాలో నాకు తెలీదని అక్కడే ఆపేస్తుంది. లోపలికెళ్లేటప్పుడు తనిఖీ, బయటికొచ్చేటప్పుడు ఎవరిష్టం వారిది. సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర మన బిల్లు మీద పెన్సిల్‌తో టిక్కు కొట్టే సెక్యూరిటీ ఆయన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే, నా బోటివాళ్లు ఎంతమందో రాత్రిళ్లు నిద్రపోదురు.

తిరిగొచ్చేది డబుల్ అని ఒక్క లైను రాశాను. లారీ 31 టన్నులైంది. మేకపిల్ల మళ్లీ రాలేదు.

ఇక్కడ తొందరపాటు మనుషులు సి భాషని తిడతారు. నేను ఖండిస్తున్నాను. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతుల్లో పెరిగిన భాష అది. చేబదులుకి నోటు రాయించుకోని తరం. నువ్వు పూర్ణాంకమంటే పూర్ణాంకం, అడ్రసంటే అడ్రసు. నువ్విచ్చిన అడ్రసులో ఇల్లుందో లేదో ముందుగా వాకబు చెయ్యడమంటే, ఆయన దృష్టిలో నిన్ను అవమానించడమే. ఇల్లు లేకపోతే నేరుగా వెళ్లి నూతిలో పడతాడు తప్ప నీ మాటని శంకించడు. ఇంతటి పెద్దమనిషిని పట్టుకుని సేఫ్టీ లేదంటారా?

అందులోనూ తినేది ఆయన చేతి కూడే. కొండ మీద ఏ కంపెనీ ఇంటర్వ్యూకెళ్లినా పైథాన్ వచ్చా అంటారు. పైథాన్ వాళ్ల లెక్కల లైబ్రరీ నమ్‌పైలో రెండు పెద్ద మాట్రిక్సుల్ని గుణించమంటే పైథాన్ చేసేదేమిటి? "అలాగేనండి" అని వంటింట్లోకి ఒక కేక వేస్తుంది. చెమటలు కక్కుతూ గుణించేది లోపలున్న సి. ఇంకా లోపలికెళ్తే లాప్యాక్ అనే లైబ్రరీ పొయ్యి దగ్గర, 1957లో బయటికొచ్చిన ఫోర్ట్రాన్ ఈ వయసులో కూడా గరిట తిప్పుతూ కనిపిస్తుంది. పెళ్లి భోజనాల్లో ఇస్త్రీ పంచె కట్టుకుని "ఇంకొంచెం పులిహోర వేయించుకోండి" అని బంతుల మధ్య తిరిగే ఆయన ఉంటాడే, అది పైథాన్. వెళ్లేటప్పుడు అందరూ వంటలు బ్రహ్మాండం అని చెప్పేది ఆయనకే.

ఒక్క విషయంలో మాత్రం ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి. అది గిన్నెల విషయం.

పక్కింటి పిన్నిగారు పనసపొట్టు కూర పంపిస్తారు. కూర అయిపోతుంది. గిన్నె తిరిగివ్వాలి. ఎవరివ్వాలి, ఎప్పుడివ్వాలి, ఎవరింటికివ్వాలి? ఈ గొడవ తెలుసు కాబట్టే మన పెద్దవాళ్లు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించారు. సి ఇచ్చే మెమరీ మీద పేరుండదు. కాటా స్థితి ఏమిటో లైబ్రరీ నాకు ఒక గిన్నెలో మాటలు పోసి ఇస్తోంది: "స్థిరంగా ఉంది", "కదులుతోంది". అర సెకనుకో గిన్నె. ఇచ్చేది అక్షరాల వరస అని చెబితే సీటైప్స్ ఏం చేస్తుందంటే, కూరని తన గిన్నెలోకి ఒంపుకుని, వచ్చిన గిన్నె ఎవరిదో, ఎక్కడ పెట్టిందో శుభ్రంగా మర్చిపోతుంది. తర్వాత తిరిగిద్దామన్నా చేతిలో అడ్రసుండదు. ఒకే గిన్నె రెండుసార్లు తిరిగిస్తే ఇంకా ప్రమాదం, ప్రోగ్రామే కూలుతుంది. మనుషుల్లో అయితే పిన్నిగారు సంతోషించి రెండో గిన్నె కూడా ఉంచేసుకునేవారు. నెల తిరిగేసరికి మావయ్య కంప్యూటర్‌కి ఆయాసం పట్టుకుంది. "మీ అత్తయ్య కంటే నెమ్మదిగా లేస్తంది రా ఇది" అన్నాడు. తిరిగొచ్చేది ఉత్త పాయింటర్, అంటే అడ్రసు మాత్రమే అని చెప్పి, మాటలు నేనే చదువుకుని, గిన్నెని వెనక్కి తీసుకునే లైబ్రరీ వాళ్ల ఫ్రీ ఫంక్షన్‌కే అప్పజెప్పాక కుదుటపడింది.

తర్వాత నాలో ఉత్సాహం పెరిగింది. లారీ ఎక్కగానే నన్ను పిలువు అని, పైథాన్ ఫంక్షన్ ఒకదాని అడ్రసు సికి ఇచ్చాను. దీన్ని కాల్‌బ్యాక్ అంటారు. పైథాన్‌కి ఇల్లు సర్దే జబ్బుంది. తన మనుషులెవరూ పట్టుకుని లేని వస్తువు కనిపిస్తే తీసేస్తుంది. సి దగ్గర ఆ అడ్రసు ఉందన్న సంగతి దానికెలా తెలుస్తుంది? తీసేసింది. మొదటి రెండు లారీలకి ఆ పాడుబడ్డ ఇల్లు ఎలాగో నిలబడే ఉంది. మూడో లారీకి సి వెళ్లి తలుపు కొట్టింది. స్క్రీన్ మీద సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్ అని ఒక లైను. తర్వాత ఏమీ లేదు. పైథాన్ లేదు, స్లిప్పు లేదు, లారీ వెనకాల ఇంకో నాలుగు లారీల హారన్లు మాత్రం ఉన్నాయి.

తప్పు జరిగితే పట్టుకోవడానికి ట్రై, ఎక్సెప్ట్ రాశావు కదా అంటారు. రాశాను. ఇంట్లో దొంగ పడితే అరవడానికి మనిషిని పెట్టాను. ఇల్లే కూలితే అరిచేదెవరు?

కురుసురా లోపలికి వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుం వంచి, గుండ్రటి దారిలోంచి దూరి వెళ్లాలి. పిల్లలకి సరదా, నాలాంటి పొట్టవాళ్లకి పరీక్ష. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన ఆ జలాంతర్గామిలో అలా కట్టడానికి కారణముంది. ఒక గదిలోకి నీళ్లొస్తే తలుపు బిగించి మిగతా గదుల్ని కాపాడుకుంటారు. డీఎల్‌ఓపెన్‌తో తెచ్చుకున్న సికీ మన స్క్రిప్టుకీ మధ్య అలాంటి తలుపు లేదు. ఒకే ప్రాసెస్, ఒకే మెమరీ, ఒకే చావు. సిని వేరే ప్రాసెస్‌లో కూర్చోబెట్టి దూరం నుంచి మాట్లాడించే పద్ధతి లేకపోలేదు. ఇప్పుడు మావయ్య దగ్గర అలాగే నడుస్తోంది. ఆ కాల్‌బ్యాక్‌ని కూడా ఒక గ్లోబల్ వేరియబుల్‌కి కట్టేసి ఉంచాను, పండక్కి తెచ్చిన కోడిపుంజులాగ.

ఇక సంస్కరణ సంగతి. మన విశాఖ పోర్టు 1933 నుంచీ పనిచేస్తోంది. ఏడు సముద్రాలు ఈదొచ్చిన కెప్టెన్ అయినా డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఆ సన్నటి దారిలోకి ఓడని తనంతట తాను తీసుకురాడు. పోర్టు పైలట్ ఓడెక్కి దారి చెబితేనే లోపలికి. సి లైబ్రరీకి ఆ పైలట్ హెడర్ ఫైలు. పైథాన్‌లోనే సీఎఫ్ఎఫ్ఐ అని ఇంకోటుంది. హెడర్‌లోని మాటల్ని అలాగే దానికిస్తే, కావాలంటే సి కంపైలర్ చేత సరిచూపించి మరీ అతికిస్తుంది. ఎంతో మంచిది, అందరూ వాడాలి. కాకపోతే దానికి హెడర్ కావాలి. నా దగ్గరున్నది ఫొటో.

పోయిన వారం కాటావాళ్లు లైబ్రరీకి కొత్త వెర్షన్ పంపారు. బరువు తీసే ఫంక్షన్ మారింది సార్, చూసుకోండి అన్నారు. హెడర్ అడిగాను. ఈసారి నా బాధ అర్థం చేసుకుని పేజీని జాగ్రత్తగా పరిచి, ఎడమ అంచు పూర్తిగా కనపడేలా ఫొటో తీశారు. డబుల్ అన్న మాట కళ్లకద్దుకునేంత స్పష్టంగా ఉంది. కుడివైపు మాత్రం పట్టుకున్నాయన బొటనవేలు అడ్డమొచ్చింది. ఫంక్షన్‌కి మనమివ్వాల్సిన వాటిలో, అంటే ఆర్గ్యుమెంట్లలో, మొదటిది ఉంది, రెండోది ఉంది, దాని తర్వాత కామా కూడా ఉంది. కామా తర్వాత గోరు.

ఫోన్ చేస్తే రేపు చెబుతాం సార్ అన్నారు. ప్రస్తుతానికి అక్కడ సున్నా పంపిస్తున్నాను. సి ఏమీ అనలేదు.