సవరణ: ‘హేవర్’ అంటే తటపటాయించడం కాదు

స్కాట్స్ (స్కాట్లండ్‌లో మాట్లాడే భాష) మాటల గురించి పోయిన వారం రాసిన పోస్టులో ‘హేవర్’ అంటే ఎటూ తేల్చుకోలేక తటపటాయించడం అని రాశాను. అది తప్పు. ఆ అర్థం ఇంగ్లండ్ వైపు ఇంగ్లీషులో స్థిరపడింది. స్కాట్లండ్‌లో దానికి అసలు అర్థం అర్థంపర్థం లేకుండా మాట్లాడటం. మన భాషలో చెప్పాలంటే అవాకులూ చవాకులూ పేలడం.

తేడా చిన్నదేం కాదు. ఎడిన్‌బరోలో ఒకావిడ మనవడితో ‘హేవర్ చేయకు’ అందనుకోండి. నా పాత అర్థం పట్టుకుంటే ‘త్వరగా తేల్చుకో’ అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి ఆవిడ అన్నది ‘పిచ్చివాగుడు ఆపు’ అని. ఆ మందలింపులో ముద్దు కూడా ఉండొచ్చు, మన ‘చాల్లే, వాగకు’లో ఉన్నట్టే.

నామవాచకంగా వాడితే ‘హేవర్స్’ అంటారు. ఎవరైనా నమ్మశక్యం కానిది చెబితే ‘హేవర్స్!’ అని ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు. ‘బ్లెదర్’ అనే ఇంకో స్కాట్స్ మాట వేరు. అందులో సోది ఉంటుంది, కానీ హాయిగా కూర్చుని కబుర్లాడటానికీ అదే మాట.

ఇంకొకటి. ఓట్స్‌ను కూడా ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ మాండలికాల్లో ‘హేవర్’ అంటారు. సైనికుల సంచి ‘హేవర్‌సాక్’ కూడా ఆ ధాన్యానికి జర్మన్‌లో ఉన్న పేరు నుంచే వచ్చింది. దానికీ ఈ వాగుడుకీ సంబంధం కలపొద్దు. పాత పోస్టులో అర్థం సరిదిద్దాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.