మా గ్రంథాలయం నోటీసు బోర్డుకు ఒక బహిరంగ లేఖ

శ్రీయుత నోటీసు బోర్డు గారికి,

శనార్తులు.

గుమ్మం దాటగానే గోడ మీద మీరే కనిపిస్తారు. రోజూ ఎదురుపడే వాళ్లకు మళ్లీ ఉత్తరమెందుకని అనుకోవద్దు. మీ ముందు నిలబడి గట్టిగా నాలుగు మాటలు అందామంటే, లోపల గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు "అన్నా, జర మెల్లగ" అంటున్నారు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియని టెన్షన్‌లో ఉన్నవాళ్లను ఇంకా సతాయించడం బాగుండదని కాగితం పట్టుకున్నాను.

పాత నల్గొండ జిల్లాలో ఏదో ఒక మండల కేంద్రంలో ఉండి కూడా మీ దర్జా కలెక్టరేట్ బోర్డుకు తీసిపోదు. పచ్చ గుడ్డ, అల్యూమినియం ఫ్రేము, జరిపే అద్దం, ఆ అద్దానికి తాళం. లోపల ఒక పుస్తకాల బీరువాకు తలుపే ఊడిపోయింది, మీకు మాత్రం తాళం ఉంది. మీలో ఉన్న సమాచారాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా చేసిన ఏర్పాటు అనుకుంటాను. ఎత్తుకుపోయేంత కొత్తది అందులో ఏముందో ఎంత వెతికినా దొరకలేదు.

సిబ్బంది వార్తలంటే మీకు మహా ఇష్టం కదా, వాటితోనే మొదలుపెడదాం. అటెండర్ గారి పదవీ విరమణ సన్మానం ఫొటో ఇప్పటికీ మీ నట్టనడుమ ఉంది. శాలువా, పూలదండ, మెమెంటో, చుట్టూ నవ్వుతున్న మొహాలు. మంచి మనిషి, ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆయన లేచిపోయిన కుర్చీలోకి ఎవరు వచ్చారో మాత్రం మీరు రాయలేదు. ఎవరూ రాలేదు కాబట్టి రాయలేదు, అది మీ నిజాయితీ. గ్రంథపాలకురాలు మేడంకు ఇంకో రెండు మండలాలు ఇన్‌చార్జి. మూడు చోట్ల బీరువాల తాళాలు ఒక్క హ్యాండ్‌బ్యాగులో తిరుగుతుంటాయి. ఆమె ఏ రోజు ఏ ఊళ్లో ఉంటుందో మీకంటే బస్సు కండక్టర్‌కే బాగా తెలుసు. శుక్రవారం సెలవని ఎర్ర సిరాతో రాశారు గానీ, మిగతా ఆరు రోజుల్లో పని దినాలేవో రాసే ధైర్యం చేయలేదు. రోజూ పొద్దున్నే వచ్చి రీడింగ్ హాలు తెరిచేది ఊడ్చే అక్క. ఆమె పేరు మీ మీదికి ఎన్నడూ ఎక్కలేదు.

నవంబర్ 14 వచ్చిందంటే మాత్రం మీ వెలుగే వేరు. 20వ తేదీ దాకా గ్రంథాలయ వారోత్సవాలు. కార్యక్రమాల పట్టిక నిరుటిదే, ముందటేడుదీ అదే. సంవత్సరం ఉన్నచోట చిన్న తెల్ల కాగితం ముక్క అంటించి కొత్త అంకె వేస్తారు. గోరుతో గీకితే పాత ఏళ్లన్నీ పొరలు పొరలుగా బయటపడతాయి, పానగల్లు మ్యూజియం వాళ్ల కంట పడితే పట్టుకుపోతారు. మొదటి రోజు ప్రారంభం, చివరి రోజు ముగింపు, నడుమ వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీ. ముగ్గులకూ గ్రంథాలయానికీ ఏం సంబంధమని అడిగితే "జనం రావాలి కద సార్" అన్నారు. వచ్చారు కూడా. వాకిట్లో ముగ్గు తొక్కకుండా లోపలికి పోయే దారి లేక అటునుంచి అటే వెళ్లిపోయారు.

వ్యాసరచనకు ఇచ్చిన అంశం "పుస్తక పఠనం ఆవశ్యకత". మా పక్కింటి ఏడో తరగతి పిల్లకు ఫస్ట్ ప్రైజు. పుస్తకం ఇస్తారనుకుని రెండు చేతులు చాపితే స్టీలు టిఫిన్ డబ్బా వచ్చి పడింది. డబ్బా మూత మీద దాత పేరు, ఆయన హోదా, ఊరు చెక్కించారు. చదువుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చినట్టే లెక్క.

ఆగస్టు 12 ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి, గ్రంథపాలకుల దినోత్సవం. ఆ రోజు ఆయన ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ పడుతుంది. వాడిపోదు కనుక వచ్చే ఏటికీ పనికొస్తుంది. 1931లో ఆయన చెప్పిన ఐదు గ్రంథాలయ శాస్త్ర సూత్రాలు మీలో చక్కటి దస్తూరీతో ఉన్నాయి. మొదటి సూత్రం: పుస్తకాలు ఉపయోగించడానికే. సరిగ్గా దాని కిందే ఇంకో కాగితం: కొత్త పుస్తకాలు ముట్టుకోరాదు.

అసలు నా కడుపుమంట ఆ కొత్త పుస్తకాల గురించే. కట్టలు వచ్చి ఎన్నాళ్లయిందో, సుతిలి తాడు కూడా విప్పకుండా ఆఫీసు గది మూలకు పడి ఉన్నాయి. ఒక్కో పుస్తకానికి రిజిస్టరులో నంబరు పడాలి, లోపల ముద్ర పడాలి, వీపు మీద చీటీ అంటాలి, ఆ తర్వాతే అది అరలోకి పోవాలి. ఆ పని చేయవలసిన మనిషి మూడు మండలాలు తిరుగుతోంది, సాయం చేయవలసిన మనిషి మీ ఫొటోలో నవ్వుతున్నాడు. ఇవి చాలవన్నట్టు "కొత్త పుస్తకాల ఆవిష్కరణ, ముఖ్య అతిథి గారి వీలును బట్టి" అని మీరొక కాగితం పెట్టారు. ఆ వీలు ఇంకా కుదరలేదు. రాసినవాళ్లు ఒకసారి ఆవిష్కరించుకున్న పుస్తకాలకు మనం మళ్లీ రిబ్బను ఎందుకు కట్టాలో నాకైతే అర్థం కాదు.

మీ "నూతన గ్రంథాలు" జాబితాలో అన్నిటికంటే కింద ఒక జనరల్ నాలెడ్జి పుస్తకం ఉంది. అందులో సూర్యాపేట, భువనగిరి ఇంకా మన జిల్లాలోనే ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో వేరు పడ్డ కబురు దానికి అందలేదు. ఇప్పుడు 33 జిల్లాలని చదివే పిల్లలకు తెలుసు. అందుకే సొంత పుస్తకాలు, సొంత నీళ్ల సీసా, కొందరైతే సొంత కుర్చీ తెచ్చుకుంటున్నారు. గ్రంథాలయం నుంచి వాళ్లు తీసుకునేది ఫ్యాను గాలి ఒక్కటే. మా బావమరిదిది పాలమూరు. ఈ సంగతి చెప్తే "మీకు ఫ్యాను తిరుగుతదా బావా!" అన్నాడు.

నిజాం జమానాలో ఇక్కడ ఒక సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డం వచ్చేది, ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. గ్రంథాలయం పేరెత్తితేనే సర్కారుకు అనుమానం. అట్లాంటి కాలంలో 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్గొండ నుంచి "నీలగిరి" పత్రిక నడిపారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మందిని "గోలకొండ కవుల సంచిక"లోకి ఎక్కించారు. మీరూ తక్కువ తినలేదు. ఒక నాయకుడి జన్మదిన ఫ్లెక్సీని మీ సగం ఒంటికి కప్పుకుని, ఎన్ని తలకాయలు పట్టాలో అన్నీ పట్టించారు. కవి మాత్రం ఒక్కడూ లేడు. ఆనాడు జనం చదువుతారేమోనన్న భయంతో అనుమతి ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అన్నిటికీ అనుమతి ఉంది.

ఇంకో మాట. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం అది. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ; చేరవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. మన ఊరి నుంచి ఎంత బయల్దేరింది, ఎంత చేరింది, అందులో మన అరలకు ఎంత వచ్చిందని ఏడాదికొక్క చీటీ పెట్టినా చదివేవాళ్లం. ఫ్లెక్సీ కింద జాగా లేదంటారా, నిజమే.

కాబట్టి ఆ ఫ్లెక్సీని కొంచెం పక్కకు జరపమనండి. అక్కడ మేడం వచ్చే రోజులు, కట్టల్లో ఉన్న పుస్తకాల పేర్లు రాయించండి. ఆవిష్కరణ అతిథి గారికి వీలైనప్పుడు చేసుకోవచ్చు, మేం చదివిన పుస్తకాలే మళ్లీ కట్ట కట్టి ఇస్తాం. వీలైతే సిబ్బంది వార్తల్లో ఊడ్చే అక్క పేరు కూడా వేయండి.

ఇట్లు,
డిపాజిట్ కట్టి కార్డు తీసుకున్న మీ పాఠకుడు

తా.క.: ఈ లేఖను మీలోనే అంటిద్దామని తెచ్చాను. అద్దానికి తాళం. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగు బస్సులో. మేడం మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగితే, నోటీసు బోర్డు చూసుకోమన్నారు.