సవరణ: జీఎస్ఎం అంటే మందం కాదు

రాయగడ, గుణుపురం వైపు జిరాక్స్, ప్రింటింగ్ షాపుల వాళ్ల కోసం పెట్టిన పోయిన పోస్టులో "80 జీఎస్ఎం కాగితం ఎప్పుడూ 75 కంటే మందం, మిల్లులు ఎక్కువ ధర తీసుకునేది ఆ మందానికే" అని రాశాను. అది తప్పు, నాదే పొరపాటు. జీఎస్ఎం చదరపు మీటరు కాగితం బరువును గ్రాముల్లో చెబుతుంది, అంతే. మిల్లుల డేటా షీట్లలో బరువు, మందం వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఈ సవరణకు ఆధారం అవే.

మందం కావాలంటే జీఎస్ఎంను బల్క్‌తో (గ్రాము కాగితం ఎన్ని ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుందో ఆ అంకె) గుణించాలి. వచ్చేది మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 80 × 1.25 = 100. 75 × 1.36 = 102. తేలిక కాగితమే దళసరి! మిల్లుల అసలు పోటీ ఇక్కడుంది: తక్కువ పీచుతో అంతే బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఇవ్వడం. బిగువు దాదాపు మందం ఘనంతో పెరుగుతుంది కనుక కొద్ది మైక్రాన్లకే తేడా తెలుస్తుంది. కాగితాన్ని నొక్కే క్యాలెండర్ రోలర్ల ఒత్తిడి పెంచితే కాగితం నునుపవుతుంది గానీ బల్క్ తగ్గుతుంది.

కొనేటప్పుడు రెండూ చూడండి. ఏ4 రీము, 500 షీట్లు, పైన చుట్టిన కాగితం తీసి తూస్తే 75 జీఎస్ఎం సుమారు 2.34 కిలోలు, 80 అయితే 2.5 కిలోలు. 100 షీట్లు గట్టిగా నొక్కి స్కేలు పెడితే 1 సెంటీమీటరు వచ్చిందంటే షీటు 100 మైక్రాన్లు.

వానాకాలం విప్పి వదిలేసిన రీము మాత్రం ఏ జీఎస్ఎం అయినా తేమకు అంచులు అలలు తిరిగి మెషీన్లో ఇరుక్కుంటుంది.