ముందు ఫ్లెక్సీ, వెనక చరిత్ర

కాలేజీ పిల్లల విజ్ఞాన యాత్రలంటే జనానికి చిన్నచూపు. పొద్దున్నే బస్సెక్కి, మధ్యలో పులిహోర తిని, రాత్రికి దిగిపోవడానికి ఇంత డబ్బు కట్టాలా అని తల్లిదండ్రులు గొణుగుతుంటారు. వాళ్లకి విషయం తెలీదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ యాత్ర ఒక పూర్తి స్థాయి శాస్త్రంగా ఎదిగింది. ఈమధ్య విజయనగరం నుంచి బయల్దేరిన ఒక ఇంజినీరింగ్ కాలేజీ బస్సు కథ నాకు తెలిసినంతవరకు చెప్తాను, కాలేజీ పేరు మాత్రం అడక్కండి, అందరిదీ ఒకటే కథ.

యాత్రకి మూలం బస్సు కాదు, ఫ్లెక్సీ. దాని మీద కరస్పాండెంట్ గారి ఫొటో పెద్దది, ప్రిన్సిపాల్ గారిది కాస్త చిన్నది, 'ఎడ్యుకేషనల్ టూర్ మరియు ఇండస్ట్రియల్ విజిట్' అని ఎర్రక్షరాలు. ఏ ఊరు, ఏ చోటు అన్నది మాత్రం ఉండదు. కోట ముందు పట్టుకున్నదే గుడి ముందూ పట్టుకోవాలి, వచ్చే ఏడాదికి కూడా దాచుకోవాలి కదా.

ఫ్లెక్సీ తర్వాత ముఖ్యుడు ఫోన్‌లో జీపీఎస్ కెమెరా ఉన్న కుర్రాడు. కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ప్రతి కార్యక్రమానికీ జియో ట్యాగ్ ఫొటో చూపించాలి, కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడి ఉండాలి. వివరించే లెక్చరర్ రాకపోయినా బస్సు కదులుతుంది, ఈ కుర్రాడు రాకపోతే కదలదు. ఆ రోజు వాడు లేచేసరికి ఎనిమిదైంది కాబట్టి ఆరు గంటల బస్సు ఎనిమిదిన్నరకి కదిలింది.

మొదటి మజిలీ విజయనగరం కోట. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమని పేరున్న మంగళవారం చూసుకుని మరీ శంకుస్థాపన చేశారని చెప్తారు. అన్ని విజయాలూ ఒకే రోజు కలిసొచ్చేదాకా ఆగిన ఓపిక వాళ్లది. మనవాళ్లు ఆరు నిమిషాల్లో తేల్చేశారు. ఫ్లెక్సీ పట్టుకున్నారు, నవ్వారు, ఎక్కారు. 1885 నాటి గంటస్తంభం దగ్గర బస్సు ఆపితే ట్రాఫిక్ జామ్ అవుతుందని కిటికీలోంచే ఫొటో తీశారు, అందులో స్తంభం కన్నా ముందు సీటు కుర్రాడి తలే ఎక్కువ పడింది. గురజాడ వారి ఇల్లు కూడా చూశారట, అంటే అది ఏ వైపు ఉందో డ్రైవర్ చేయి చూపించాడు.

ఇక పరిశ్రమ. అసలు మార్కులు దీనికే. ముందుగా అనుకున్న ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన 'లెటరేదండీ?' అన్నాడు. లెటర్ పంపారు, కానీ అది చేరాల్సిన మేనేజర్ ఎప్పుడో బదిలీ అయిపోయాడు. చేసేది లేక పిల్లలు ప్రహరీ గోడనీ, దాని మీద నుంచి కనబడే పొగ గొట్టాన్నీ పరిశీలించారు. రిపోర్టులో ఇది 'ప్లాంట్ లేఅవుట్ అధ్యయనం' కింద నమోదైంది.

లోటు పూడ్చడానికి ఒక జూట్ మిల్లుకి వెళ్లారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పొలాల నిండా గోగు ఉండేది, ఆ నార మిల్లులకి చేరి గోనె సంచి అయ్యేది. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది, లాకౌట్లు వచ్చాయి, ఈ జిల్లాలో జూట్ మిల్లు చూడాలంటే తెరిచి ఉందో మూసి ఉందో ముందు వాకబు చేసుకోవాల్సిన రోజులూ వచ్చాయి. వీళ్లు వాకబు చేయలేదు. గేటుకి తాళం, తాళం పక్కన వానకి తడిసి ఎండిన నోటీసు.

ఎవరైనా అయితే నిరాశపడేవారు. కానీ ఆ బస్సులో ఒక హెచ్‌ఓడీ గారు ఉన్నారు, ఆయన బుర్రకి దండం పెట్టాలి. నడిచినంత కాలం పరిశ్రమ, మూతపడ్డాక చారిత్రక ప్రదేశం, కాబట్టి ఒకే గేటు ముందు రెండు ఫొటోలు తీసి రెండు పద్దుల్లోనూ రాసుకోవచ్చన్నారు. డీజిల్ కలిసొచ్చింది. ఈ లెక్కన మన ప్రాంతానికి పర్యాటక రంగంలో ఎంత భవిష్యత్తు ఉందో ఆలోచించండి. మూతపడ్డ చెరకు ఫ్యాక్టరీ ఒకటి, మిల్లు ఒకటి చొప్పున కలుపుకుంటూ పోతే హంపీ ఎందుకు, ఎల్లోరా ఎందుకు?

ఆ గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన ఒకప్పుడు అదే మిల్లులో స్పిన్నింగ్‌లో పని చేశాడు. నారని ముందు నూనె నీళ్లతో ఎలా మెత్తబరుస్తారో, కార్డింగ్‌లో ఎలా దువ్వుతారో, అక్కడి నుంచి సాగదీసే డ్రాయింగ్‌కి ఎలా వెళ్తుందో, గాల్లో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలెట్టాడు. 'ఒక్క పోగు తెగితే సాలు బాబూ, సూపు అటేపే ఉండాల' అంటున్నాడు. వెనక బెంచీ వాళ్లు ముందుకొచ్చి వింటున్నారు కూడా. ఇలాంటి ప్రమాదాలు జరక్కుండా షెడ్యూల్ ఉంటుంది. సార్ విజిల్ వేశారు.

పొందూరులో పరిస్థితి మరీ చేయి దాటింది. అక్కడ ఖద్దరు కోసం పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముకకి ఉన్న సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి వస్తుంటే నలక కూడా మిగలదు. అలా సిద్ధం చేసిన పత్తిని రాట్నం మీద నూరో నంబరు దారంగా, అంటే బాగా సన్నటి దారంగా వడుకుతారు. చేప పళ్లు చూసి మెకానికల్ కుర్రాళ్లు సెల్ఫీలు మానేసి నేల మీద కూర్చున్నారు. రాట్నం తిప్పుతున్న ముసలమ్మ 'ఏటి సదువుతున్నారర్రా?' అంది. 'మెకానికల్, మామ్మా.' 'అయితే ఈ కదురు ఊగుతోంది, కాస్త సూడు నాయినా.' ఎవరూ లేవలేదు. హెచ్‌ఓడీ గారే లేచి, టైమైపోయిందన్నారు. అక్కడ గడిపిన సమయాన్ని రిపోర్టులో 'అనివార్య కారణాల వల్ల ఆలస్యం' అని రాశారు.

అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు తెల్లవారి సూర్యకిరణాలు నేరుగా స్వామి పాదాలని తాకుతాయి. తూర్పు గాంగుల కాలం నాటి గుడి, ఏ యాప్ లేకుండా దిక్కులు అంత కచ్చితంగా లెక్కగట్టారు. మన బస్సు ఫిబ్రవరిలో, మిట్ట మధ్యాహ్నం, తలుపులు వేశాక చేరింది. చెప్పులు అప్పటికే విప్పేశారు కాబట్టి ఎండ విద్యార్థుల పాదాల మీద మాత్రం బాగానే పడింది.

చివరిది శాలిహుండం, వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో గిడుగు రామమూర్తి గారు ఈ చోటుని గుర్తించి లోకానికి చెప్పారు. ఆయన పాపం కొండెక్కారు. కొండ కింద తీసినా పైన తీసినా ఫొటోలో అక్షాంశం రెండో దశాంశం దాకా మారదని మనవాళ్లు కనిపెట్టారు, కిందే ఫ్లెక్సీ విప్పారు. గిడుగు వారు జియో ట్యాగ్ జతచేయలేదు కాబట్టి ఆయన కనుక్కున్నది చెల్లుతుందో లేదో న్యాక్ వాళ్లే తేల్చాలి. రిపోర్టులో మాత్రం 'విద్యార్థులు స్తూపాలను ఆసక్తిగా తిలకించారు' అని ఉంది, నిరుడు కూడా అదే వాక్యం ఉంది, అదే అచ్చుతప్పుతో.

ఇంత పకడ్బందీ కార్యక్రమంలో ఒక్క చోటే చిన్న ఇబ్బంది వచ్చిందట. ఫీడ్‌బ్యాక్ ఫారాలు సాయంత్రం ఇస్తే పిల్లలు దిగి ఇళ్లకి పారిపోతారని పొద్దున్నే, బస్సు ఎక్కకముందే నింపించారు. 'ఈ యాత్ర నాకు ఎంతో ఉపయోగపడింది' అన్న ప్రశ్నకి అందరూ ఐదుకి ఐదు వేశారు. ఒక్కడు మాత్రం ఖాళీగా వదిలేసి, 'ఇంకా ఎల్లనేదు కదండీ' అన్నాడట. వాడికి హాజరు తక్కువుందని సార్ గుర్తుచేశారు. ఐదు వేశాడు.