పప్పు ఉడకని నీళ్లలో కోళ్ల మందు

దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ల ప్రస్తావన వస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. బ్రాయిలర్ షెడ్డులో మాత్రం ముందుగా చూడాల్సినవి కాల్షియం, మెగ్నీషియం. ఇవి ఎక్కువై సబ్బు నురగ రాని, పప్పు ఒక పట్టాన ఉడకని కఠిన జలాన్ని ట్యాంకుకు ఎక్కించి, అందులోనే యాంటీబయాటిక్ కలిపి కోళ్లు తాగే గొట్టాలకు (నిప్పల్ లైనుకు) వదిలే షెడ్లున్నాయి. అందులో కోడి రక్తానికి చేరేదెంత?

టెట్రాసైక్లిన్లు, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఈ రెండు ఖనిజాలనూ పట్టుకుని వదలవు. అలా ముడిపడిన మందు పేగు గోడను సరిగా దాటలేదు. ఆక్సీటెట్రాసైక్లిన్ కోడికి మామూలుగానే తక్కువగా ఒంటబడుతుంది, కఠిన జలంలో ఇంకా తగ్గుతుంది. డాక్సీసైక్లిన్ కొంత నయం. కోర్సు పూర్తయినా కోళ్ల జబ్బు గురక తగ్గకపోతే రైతు ఏం చేస్తాడు? డోసు పెంచుతాడు, లేదా ఇంకో రెండు రోజులు పొడిగిస్తాడు. బ్రాయిలర్ ఆయుష్షే 35 నుంచి 42 రోజులు. ముప్పయ్యో రోజు దాటాక మొదలైన కోర్సును పొడిగించుకుంటూ పోతే అది కోళ్లను కోతకు తీసుకెళ్లే లారీ వచ్చే రోజు దాకా సాగుతుంది.

దీనికి ఎండలు తోడు. కోడి తినే మేతకు సుమారు రెట్టింపు బరువు నీళ్లు తాగుతుంది, మే నెలలో అంతకు మించి తాగుతుంది. లీటరుకు ఇంత అని కలిపితే హుషారుగా తిరిగే కోడికి మందు ఎక్కువవుతుంది, జబ్బుతో మూల నక్కిన కోడికి చాలదు. షెడ్డులోని కోళ్ల మొత్తం బరువును బట్టి లెక్క కట్టాలి.

ఇక మందు ఒంట్లోంచి బయటికి పోవడం. అది పోకముందే కోడిని కోస్తే మాంసంలో మిగులుతుంది. అమాక్సిసిలిన్ కొన్ని గంటల్లోనే మూత్రపిండాల గుండా వెళ్లిపోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ అంత తొందరగా పోదు. కార్జంలో దానిలో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. డాక్టర్లు మనకు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ ఇదే. వండినా ఇది పెద్దగా నశించదు. అమెరికా 2005లోనే కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని నిషేధించింది. పేగు దాటని మందు, ఒంట్లోంచి విసర్జనతో బయటపడిన మందు రెండూ రెట్టతో ఊక పరుపులో చేరతాయి. కోడి ఆ ఊకనే పొడుస్తుంది. ట్యాంకు కడగకుండా, లైను ఫ్లష్ చేయకుండా మందు ఆపేశామని రాసుకుంటే అది ఆపినట్టు కాదు.

పేగులో మిగిలిపోయిన మందు అక్కడి బ్యాక్టీరియాకు తట్టుకునే గుణం నేర్పుతుంది. పేగులోంచి దాదాపు ఏమాత్రం ఒంటబట్టని కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహార పశువులకు వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించడం ఆలస్యంగానైనా సరైన పనే.

2012 నాటి కేంద్ర నిబంధన ప్రకారం, ఒక మందుకు నిర్ధారించిన విరామ కాలం (చివరి మందుకూ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు) లేకపోతే మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. నలభై రోజుల పక్షికి 28 రోజులు! అంటే అటువంటి మందు పన్నెండో రోజు దాటితే షెడ్డు గడప తొక్కకూడదు. ఈ లెక్క రైతుకు ఎవరైనా విడమరచి చెబుతున్నారా? కాంట్రాక్టు పెంపకంలో పిల్ల, మేత, మందు అన్నీ కంపెనీవే. కిలోకు ఇంత అని కూలి తీసుకునే రైతును ఒక్కడినే తప్పుపట్టడం అన్యాయం.

మన తీరంలోనే, కొత్తపట్నం నుంచి నెల్లూరు దాకా, ఎగుమతికి పోయే రొయ్యను పట్టుబడికి ముందే మందుల అవశేషాల కోసం పరీక్షిస్తారు. యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాక ఆ జాగ్రత్త మరింత పెరిగింది. పరాయి దేశపు పళ్లెంలోకి వెళ్లే రొయ్యకున్న ఈ పరీక్ష ఒంగోలు వీధిలో మన బిడ్డలకు కొనే కోడికి ఎందుకు లేదు?

రైతులతో కాంట్రాక్టుకు కోళ్లు పెంచించే ఇంటిగ్రేషన్ కంపెనీలు ముందు ప్రతి షెడ్డు బోరు నీటి కాఠిన్యాన్ని పరీక్షించి, ఆ ఫలితాన్ని బట్టి మందు ఎంచాలి. ట్యాంకు, లైను కడిగిన తేదీ, చివరి మందు తేదీ రాసిన చీటీ లారీతో పాటు రావాలి. పశుసంవర్ధక శాఖ, ఆహార భద్రతాధికారులు ఆ చీటీని అడిగి చూడాలి, కోడి కార్జాన్ని నమూనాగా తీసుకుని ల్యాబుకు పంపాలి.